షోకేస్‌లో స్కాలర్‌షిప్‌లు పంచిపెట్టరు

ఎడిటర్ గారికి నమస్కారం.

అమెరికా కాలేజీల టెన్నిస్ స్కాలర్‌షిప్‌ల మీద మీ స్పోర్ట్స్ పేజీలో వచ్చిన వార్త చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. షోకేస్ అంటే సెలక్షన్ ట్రయల్స్ లాంటిదనీ, అక్కడ బాగా ఆడినవాళ్లకి కోచ్‌లు అప్పటికప్పుడు ఫుల్ స్కాలర్‌షిప్ ఇచ్చేస్తారనీ చదివినవాళ్లు అనుకునేలా ఉంది ఆ వార్త. మావాడు జూనియర్ టోర్నమెంట్లు ఆడతాడు. వాణ్ణి తీసుకుని ఈ మధ్యే అలాంటి ఒక షోకేస్‌కి వెళ్లొచ్చాను, మొదటి మ్యాచ్ నుంచి చివరి మ్యాచ్ దాకా కోర్టుల పక్కనే ఉన్నాను, కాబట్టి అక్కడ ఏం జరుగుతుందో, ఏం జరగదో మిగతా తల్లిదండ్రులకి కూడా తెలియాలని రాస్తున్నాను. ఉత్తరం పెద్దదే అవుతుంది. చోటు చాలక కత్తిరించాల్సి వస్తే డబ్బు గురించీ కమీషన్ల గురించీ రాసిన భాగాలు మాత్రం దయచేసి ఉంచండి.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. షోకేస్‌లో ఎవరూ ఎవరికీ స్కాలర్‌షిప్ ఇవ్వరు. చూస్తారు, అంతే. అమెరికా కాలేజీల నుంచి కొందరు కోచ్‌లు వస్తారు, మేం వెళ్లినచోట ఎక్కువమంది అసిస్టెంట్ కోచ్‌లే. ఫీజు కట్టి పేరిచ్చిన పిల్లలకి దాదాపు తమ స్థాయిలో ఉన్నవాళ్లతో మ్యాచ్‌లు వేస్తారు. కోచ్‌ల చేతిలో ఒక లిస్టు ఉంటుంది, అందులో ప్రతి పిల్లవాడి పేరు, పన్నెండో తరగతి ఏ సంవత్సరం పూర్తవుతుందో, యూటీఆర్ రేటింగ్ (ఆటగాడి స్థాయి చెప్పే నంబరు) ఎంతో, స్కూల్లో మార్కులెంతో, పై చదువు ఏం చదవాలనుకుంటున్నాడో అన్నీ రాసి ఉంటాయి. ఏదో ఒక పూట తల్లిదండ్రులకి మీటింగ్ పెట్టి కాలేజీ టెన్నిస్ ఎలా ఉంటుందో చెప్తారు. తర్వాత ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు. వచ్చిన కోచ్ మీ అబ్బాయి పేరు పక్కన టిక్కు పెట్టుకుని వెళ్లాడంటే ఆ షోకేస్ మీకు బ్రహ్మాండంగా జరిగినట్టే. ఆ టిక్కు నుంచి ఆఫర్ దాకా నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది, ఈలోగా మెయిళ్లు, వీడియో కాల్స్, కొత్త రిజల్ట్స్, మార్కుల షీట్లు, అన్నీ నడుస్తూనే ఉండాలి. ఈ సంగతి తెలియక అక్కడ కొన్ని కుటుంబాలు పడిన టెన్షన్ చూస్తే నాకు చాలా బాధేసింది. ప్రతి పాయింటూ పబ్లిక్ పరీక్షలా ఆడించారు ఆ పిల్లల చేత.

ఒక మ్యాచ్ గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. పక్క కోర్టులో ఒకబ్బాయి 2-5తో వెనకపడి ఉన్నాడు. సర్వీస్ మంచి స్పీడు, ఫోర్‌హ్యాండ్ చూస్తే ఎవరైనా ఆగి చూడాల్సిందే, కంచె అవతల ఇద్దరు కోచ్‌లు కుర్చీలు వేసుకుని వాణ్ణే చూస్తున్నారు. రెండు సర్వీసులూ తప్పి డబుల్ ఫాల్ట్ పడింది. పిల్లవాడు వెంటనే తల తిప్పి కంచె దగ్గర నిలబడ్డ వాళ్ల నాన్న వైపు చూశాడు. ఆయన రెండు చేతులూ ఎత్తి ఏదో సైగ చేశారు, టాస్ ఎత్తుగా వెయ్యమనో ఏమో. తర్వాతి పాయింటు పోయింది, మళ్లీ నాన్న వైపు చూపు. ఇలా నాలుగైదుసార్లు అయ్యేసరికి ఆ కోచ్‌ల్లో ఒకాయన పుస్తకం మూసి నెమ్మదిగా లేచి వేరే కోర్టుకి వెళ్లిపోయాడు. పిల్లవాడు వెనకపడినందుకు వెళ్లాడనుకున్నాను నేను. కాదు. ఆయన వెళ్లి కూర్చున్న కోర్టులో ఉన్న కుర్రాడు 1-4తో అంతే ఘోరంగా ఓడిపోతున్నాడు! కానీ వాడు ప్రతి పాయింటు తర్వాత వెనక్కి తిరిగి, రాకెట్ తీగలు సర్దుకుని, రెండు క్షణాలు ఊపిరి పీల్చుకుని, మళ్లీ మామూలు ముఖంతో లైను దగ్గరికి వస్తున్నాడు. ఎదుటివాడి బంతి లైను మీద పడితే తనే గట్టిగా బాగుందని చెప్తున్నాడు. ఆ సెట్టు ఓడిపోయాడు, కోచ్ మాత్రం చివరిదాకా కూర్చున్నాడు.

ఆ సాయంత్రం మీటింగులో ఒక కోచ్ చెప్పిందీ ఇదే. స్ట్రోకులు వీడియోలో చూసుకోగలం, గెలుపోటములు రేటింగ్‌లో తెలుస్తాయి, మేం ఇక్కడిదాకా వచ్చేది మాత్రం వీడియోలో కనపడనివి చూడ్డానికి అన్నారు. ఓడిపోతున్నప్పుడు ఎలా ఉంటాడు, ఎదుటివాడితో ఎలా మాట్లాడతాడు, మ్యాచ్ అయ్యాక కోర్టు మీద బంతులు ఏరుతాడా లేక వదిలేసి పోతాడా, నీళ్ల బాటిల్ తల్లి చేత మోయిస్తాడా. నాలుగేళ్లు రోజూ తన కళ్లముందు ఉండబోయే పిల్లవాణ్ణి ఎంచుకునే మనిషి ఇవి చూడకుండా ఎలా ఉంటాడు?

ఇంకో విషయం, డబుల్స్. మన దగ్గర చాలామంది పిల్లలు టోర్నమెంటుకి వెళ్లాక ఎవరు దొరికితే వాళ్లతో డబుల్స్ ఆడేస్తారు, సింగిల్స్‌లో ఓడిపోతే డబుల్స్ వదిలేసి ఇంటికి వచ్చేసేవాళ్లూ ఉన్నారు. కాలేజీ టెన్నిస్‌లో టీము మ్యాచే డబుల్స్‌తో మొదలవుతుంది. మూడు డబుల్స్ జంటలు ఒకేసారి తలో సెట్టు ఆడతాయి, రెండు గెలిచిన టీముకి ఒక పాయింటు. తర్వాత ఆరు సింగిల్స్, ఒక్కోదానికి ఒక్కో పాయింటు. మొత్తం ఏడింటిలో ముందు నాలుగు ఎవరికొస్తే వాళ్లు గెలిచినట్టు. డ్యూస్ (40-40) దగ్గర అడ్వాంటేజ్ ఉండదు, ఒక్క పాయింటుతో గేమ్ తేలిపోతుంది. పక్క కోర్టుల్లో మన టీమువాళ్లు అరుస్తుంటారు, ఎదుటి కాలేజీ స్టూడెంట్లు గేలి చేస్తుంటారు, ఆ గోలలోనే ఆడాలి. అందుకే షోకేస్‌లో డబుల్స్ మొదలయ్యేసరికి అటూ ఇటూ చెదిరి ఉన్న కోచ్‌లందరూ ఆ కోర్టుల దగ్గరికి చేరారు. అంతకుముందు ఒకరి ముఖం ఒకరు చూడని ఇద్దరమ్మాయిల్ని జంట కట్టారు. ఒకమ్మాయి ఆడటానికి ముందే రెండో అమ్మాయి దగ్గరికెళ్లి, మధ్యలోకొచ్చే బంతి ఎవరు తీసుకోవాలో, సర్వీస్ ఎటు వేస్తుందో చెప్పుకుంది, పాయింటు పోయిన ప్రతిసారీ వెళ్లి చెయ్యి కలిపింది. ఆ అమ్మాయి సింగిల్స్‌లో నాకు గుర్తుండే ఆటేమీ ఆడలేదు. మ్యాచ్‌లన్నీ అయ్యాక ఎక్కువమంది కోచ్‌లు వెళ్లి మాట్లాడింది మాత్రం ఆ అమ్మాయితోనే.

యూటీఆర్ గురించి తెలియని తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు కాబట్టి రెండు ముక్కలు. ఇది 1 నుంచి 16.5 దాకా ఉండే రేటింగ్. గత పన్నెండు నెలల్లో ఆడిన చివరి ముప్పై మ్యాచ్‌ల దాకా లెక్కలోకి తీసుకుంటుంది. గెలిచామా ఓడామా అన్నదొక్కటే కాదు, ఎవరి మీద ఆడాం, ఎన్ని గేమ్‌లు తెచ్చుకున్నాం అన్నది చూస్తుంది. మనకంటే బాగా పైనున్నవాడి మీద 4-6, 4-6తో ఓడినా రేటింగ్ పెరగొచ్చు, కిందివాడి మీద 7-6, 7-6తో గెలిచినా తగ్గొచ్చు. ఎలాగూ ఓడిపోతున్నాం కదా అని చివరి గేమ్‌లు వదిలేసే పిల్లలకి ఇది తెలియాలి. ర్యాంకింగ్ పాయింట్ల కోసం బలహీనమైన ఆటగాళ్లున్న టోర్నమెంట్లు వెతుక్కుని ఊళ్లు తిరిగే కుటుంబాలకీ తెలియాలి. కోచ్‌లు మన ర్యాంకు అడుగుతారు, కాదనను, కానీ ముందు చూసేది ఈ నంబరే. తమ టీములో ఆరో నంబరు ఆటగాడి యూటీఆర్ ఎంతో చూసుకుని, దానికి దగ్గరగా ఉన్నవాళ్లనే పట్టించుకుంటారు. ఏ కాలేజీ టీములో ఎవరి రేటింగ్ ఎంతో ఇంట్లో కూర్చునే చూడొచ్చు. షోకేస్‌కి వెళ్లేముందు ఒక ఆదివారం కూర్చుని ఈ పని చేసుకుంటే ఎవరికి మెయిల్ రాయాలో, ఎవరికి రాయడం దండగో తెలిసిపోతుంది.

కోచ్ మా పిల్లతో ఒక్క మాటైనా మాట్లాడలేదు, ఇక మాకు దారి లేనట్టే అని కళ్లనీళ్లు పెట్టుకున్న ఒక తల్లిని అక్కడ చూశాను. ఆవిడకి ఎవరూ చెప్పలేదు, అమెరికా కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ అనే సంస్థకి దీని మీద పెద్ద రూల్సే ఉన్నాయని. డివిజన్ 1, అంటే అన్నిటికన్నా పై స్థాయి కాలేజీల కోచ్‌లు పదో తరగతి పూర్తయిన ఏడాది జూన్ 15కి ముందు పిల్లలతో కాలేజీలో చేరే సంగతి మాట్లాడకూడదు, మెయిళ్లకి జవాబు కూడా ఇవ్వకూడదు. మ్యాచ్ ఉన్న రోజున ఆ పిల్లల ఆట పూర్తయ్యేదాకా దగ్గరికి వెళ్లకూడదు. కాబట్టి పలకరించకపోవడం అంటే నచ్చకపోవడం కాదు, చాలాసార్లు రూల్ పాటించడమే. ఇది నిర్వాహకులు మొదటిరోజు పొద్దున్నే మైకులో చెప్తే ఎంతమందికి ఊరటో! మేం వెళ్లినచోట చెప్పలేదు.

ఇక డబ్బు.

స్కాలర్‌షిప్ అనగానే మనవాళ్లు ఫీజు, హాస్టల్, భోజనం, పుస్తకాలు అన్నీ ఫ్రీ అనుకుంటారు. అలాంటివి ఉన్నాయి, కానీ తక్కువ, మగపిల్లలకి మరీ తక్కువ. ఏళ్ల తరబడి డివిజన్ 1 మగపిల్లల టెన్నిస్ టీముకి ఉన్న పరిమితి 4.5 స్కాలర్‌షిప్‌లు. టీములో ఎనిమిది నుంచి పది మంది ఉంటే ఆ నాలుగున్నరనే కోచ్ ముక్కలు చేసి పంచేవాడు, ఒకడికి సగం, ఇంకొకడికి పావు, మరొకడికి ఏమీ లేదు. ఆడపిల్లల టీముకి మాత్రం 8, అవి పూర్తి స్కాలర్‌షిప్‌లు. ఈ తేడాకి కారణం ఉంది. 1972లో వచ్చిన టైటిల్ 9 అనే చట్టం ప్రకారం ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థలు ఆడా మగా తేడా చూపకూడదు. అమెరికన్ ఫుట్‌బాల్ ఒక్కదానికే మగపిల్లలకి 85 స్కాలర్‌షిప్‌లు పోతే, ఆ లెక్క సరిచెయ్యడానికి మిగతా ఆటల్లో ఆడపిల్లలకి ఎక్కువ ఇవ్వాల్సి వచ్చింది. ఆడపిల్లల్ని టెన్నిస్ ఆడించి ఏం లాభం అని పదిహేనేళ్లకే మాన్పించేసే ఇళ్లు నాకు తెలుసు. ఈ దారిలో ఆడపిల్లలకే అవకాశం ఎక్కువని వాళ్లకి ఎవరైనా చెప్పాలి, మీ పేపర్ చెప్తే ఇంకా బాగుంటుంది.

2025లో ఈ లెక్క మారింది. క్రీడాకారులు ఎన్‌సీఏఏ మీద వేసిన కేసులో జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒక సెటిల్‌మెంట్ తర్వాత, అందులో చేరిన కాలేజీలకి స్కాలర్‌షిప్‌ల పరిమితి పోయి, టీములో ఎంతమంది ఉండాలన్న పరిమితి వచ్చింది. టెన్నిస్‌కి అది పదిమంది, ఆడపిల్లలకైనా మగపిల్లలకైనా. అంటే పదిమందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు. ఇవ్వొచ్చు అంటే ఇస్తారని కాదు. అదే సెటిల్‌మెంట్ ప్రకారం కాలేజీలు తమ ఆదాయంలోంచి క్రీడాకారులకి నేరుగా వాటా ఇవ్వొచ్చు, మొదటి ఏడాదికి ఆ పరిమితి 20.5 మిలియన్ డాలర్లు, అందులో పెద్ద భాగం ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ వాళ్లకే వెళ్తుంది. ఆ డబ్బు ఎక్కడో తగ్గించి ఇక్కడికి తేవాలి కదా, అలాంటప్పుడు టెన్నిస్ లాంటి ఆటల మీదే కత్తి పడుతుంది. ఇది ఊహించి అనడం లేదు. 2020లో కరోనా దెబ్బకి అయోవా, మిన్నెసోటా లాంటి పెద్ద యూనివర్సిటీలే మగపిల్లల టెన్నిస్ టీముల్ని ఎత్తేస్తున్నట్టు ప్రకటించాయి. కాబట్టి ఆఫర్ ఇచ్చే కోచ్‌ని మీ టీము నాలుగేళ్లూ ఉంటుందా అని అడగడంలో తప్పేమీ లేదు, మర్యాద తప్పినట్టూ కాదు.

అక్కడి ప్రైవేట్ యూనివర్సిటీలు చాలావాటిలో అన్నీ కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు దాటుతోంది. సగం స్కాలర్‌షిప్ వచ్చిందని పేపర్లో ఫొటో వేయించుకుంటాం, మిగతా సగం 40 వేల డాలర్లు, మన డబ్బుల్లో ఏడాదికి ముప్పై లక్షల పైనే, నాలుగేళ్లు కట్టాలి. అదే ఫీజు తక్కువున్న ఒక స్టేట్ యూనివర్సిటీలోనో, డివిజన్ 2 కాలేజీలోనో, ఎన్‌ఏఐఏ అనే వేరే సంఘంలో ఉన్న చిన్న కాలేజీలోనో తక్కువ శాతం వచ్చినా చేతినుంచి పడేది తక్కువే కావొచ్చు. శాతం అడగొద్దు, మేం కట్టాల్సింది ఎంత అని అడగండి. ఆఫర్ ఒక్క ఏడాదికా నాలుగేళ్లకా, దెబ్బ తగిలి ఆడలేకపోతే ఏమవుతుంది, ఇవి కూడా అడగండి. ఇంకోటి, చాలామందికి తెలియనిది, హాస్టల్, భోజనం కింద ఇచ్చే స్కాలర్‌షిప్ మీద అక్కడ పన్ను ఉంది. విదేశీ విద్యార్థులకి మామూలుగా 14 శాతం ముందే పట్టుకుంటారు. ట్యూషన్ ఫీజు కింద ఇచ్చినదాని మీద ఉండదు. నోటిమాటగా ఇచ్చిన ఆఫర్‌ని నమ్ముకుని మిగతా కాలేజీలకి వద్దని చెప్పేయకండి, సంతకాలు పెట్టిన ఆర్థిక సహాయ ఒప్పందం చేతికొచ్చేదాకా అది మాటే.

చదువు సంగతికొస్తే, మన దగ్గర టెన్నిస్ సీరియస్‌గా ఆడే పిల్లలు స్కూల్ మానేసి ప్రైవేటుగా కట్టడం ఎక్కువైంది. ప్రాక్టీసుకి టైం కావాలి, అర్థం చేసుకోగలను. కానీ డివిజన్ 1లో ఆడాలంటే తొమ్మిదో తరగతి నుంచి పన్నెండు దాకా 16 కోర్ సబ్జెక్టులు ఉండాలి, నాలుగేళ్ల ఇంగ్లీషు, మూడేళ్ల లెక్కలు, రెండేళ్ల సైన్సు, రెండేళ్ల సోషల్ వగైరా, వాటిలో జీపీఏ, అంటే మార్కుల సగటు, నాలుగుకి కనీసం 2.3 ఉండాలి. ఇవన్నీ ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్ అనేది పరిశీలించి ఒప్పుకోవాలి. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంటే సోషల్ ఉండదు, అందుకని తొమ్మిది, పది తరగతుల మార్కుల షీట్లు పారేయకుండా దాచుకోండి. దూరవిద్యలో చేరిస్తే ఆ బోర్డు సర్టిఫికెట్ అక్కడ చెల్లుతుందో లేదో చేరకముందే కనుక్కోండి. ఎస్ఏటీ అనే కాలేజీ ప్రవేశ పరీక్ష రాయాలన్న నిబంధనని ఎన్‌సీఏఏ 2023లో తీసేసింది, అయినా ఎస్ఏటీ అడిగే యూనివర్సిటీలు చాలా ఉన్నాయి. ఇంటర్ అయ్యాక చేరకుండా ఏళ్ల తరబడి టోర్నమెంట్లు ఆడుతూ కూర్చుంటే అక్కడ ఆడే అర్హతకి కోత పడొచ్చు, ఈ రూల్స్ మారుతుంటాయి కూడా, కాబట్టి ఆ సెంటర్ వెబ్‌సైట్‌లోనే చూసుకోవాలి, అకాడమీలో ఎవరో చెప్పారని కాదు.

మార్కులు కేవలం అర్హత కోసమే అనుకుంటే పొరపాటు. మార్కులే డబ్బు. ఆటకి పావు స్కాలర్‌షిప్ ఇవ్వగలిగే కోచ్, పిల్లవాడికి మంచి మార్కులుంటే యూనివర్సిటీ మెరిట్ స్కాలర్‌షిప్ కూడా కలిపి ఆఫర్ తయారుచెయ్యగలడు. డివిజన్ 3 కాలేజీలు ఆటకి ఒక్క డాలర్ కూడా ఇవ్వవు, హార్వర్డ్, యేల్ లాంటివి ఉన్న ఐవీ లీగ్ యూనివర్సిటీలు ఎనిమిదీ అంతే. షోకేస్‌లో ఈ కాలేజీల కోచ్‌ల టేబుళ్ల దగ్గర మన తల్లిదండ్రులు ఆగనేలేదు, స్కాలర్‌షిప్ ఇవ్వరట అని దాటిపోయారు. ఎంఐటీ టెన్నిస్ ఆడేది డివిజన్ 3లోనే! మన ఇళ్లల్లో ఎంఐటీ పేరు వింటే లేచి నిలబడతాం, ఆ కోచ్ ఎదురుగా కూర్చుంటే పట్టించుకోం. ఆటకి డబ్బివ్వకపోయినా ఇంటి ఆదాయాన్ని బట్టి సాయం చేసే యూనివర్సిటీలు వీటిలో ఉన్నాయి. కోచ్ కావాలనుకున్న పిల్లల దరఖాస్తుకి అడ్మిషన్ దగ్గర ఎంతో కొంత బలం వచ్చే కాలేజీలూ ఉన్నాయి. చదువులో చురుకైన, యూటీఆర్ ఓ మోస్తరుగా ఉన్న పిల్లలకి నాకు తెలిసి ఇంతకంటే మంచి దారి లేదు.

మెయిళ్లు పిల్లలే రాసుకోవాలి. దీని మీద నేను గట్టిగా ఉన్నాను, మా ఆయనకీ నాకూ ఇంట్లో వాదన కూడా అయింది. వాడికి ఇంగ్లీషు సరిగ్గా రాదు, మనం రాసిపెడదాం అంటారాయన. పెద్దవాళ్లు రాసిన మెయిల్ చూడగానే కోచ్‌లకి తెలిసిపోతుంది, పదహారేళ్ల పిల్లాడు అలాంటి వాక్యాలు రాయడు. నాలుగు లైన్లు చాలు: పేరు, పన్నెండో తరగతి పూర్తయ్యే సంవత్సరం, యూటీఆర్, మార్కులు, ఆ కాలేజీనే ఎందుకు అనుకుంటున్నాడో, ఫలానా షోకేస్‌లో ఆడుతున్నాను చూడండి అని. అందరికీ ఒకే మెయిల్ పంపి, ఒక కాలేజీకి ఇంకో కాలేజీ పేరుతో వెళ్లిపోతే అది అక్కడితో ముగిసినట్టే. వీడియోకి పాటలూ స్లో మోషన్లూ అక్కర్లేదు, కెమెరాని కోర్టు వెనక కాస్త ఎత్తులో పెట్టి వరసగా ఆడిన పాయింట్లు నాలుగైదు నిమిషాలు చూపిస్తే సరిపోతుంది, ఓడిన పాయింట్లు కూడా ఉండనివ్వండి. షోకేస్‌లో కోచ్ మాట్లాడుతున్నప్పుడు తల్లిదండ్రులు పక్కకి తప్పుకోవాలి. మావాడు ఒక కోచ్‌తో తడబడుతూ మాట్లాడుతుంటే దూరంగా నిలబడటం నాకెంత కష్టమైందో చెప్పలేను, కానీ మాట్లాడాడు. ఏం చదువుతావంటే తడుముకున్నాడు, బ్యాక్‌హ్యాండ్ గురించి అడిగితే మాత్రం ఆపకుండా చెప్పాడు, టీములో ఎవరెవరు ఉన్నారని తిరిగి అడిగాడు. ఆ కోచ్ నుంచి తర్వాత జవాబొచ్చింది, ఆఫర్ కాదు, వచ్చే ఆరు నెలల రిజల్ట్స్ పంపమని. మాకు అదే చాలు ఇప్పటికి.

ఇదంతా చదివి ఎవరూ నిరుత్సాహపడొద్దు, నా ఉద్దేశం అది కాదు. కాలేజీ టెన్నిస్ దారి చాలా మంచి దారి అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. మహేశ్ భూపతి మిసిసిపీ యూనివర్సిటీలో ఆడి 1995లో ఎన్‌సీఏఏ డబుల్స్ గెలిచాడు. సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియా యూనివర్సిటీ తరఫున 2007, 2008లో వరసగా ఎన్‌సీఏఏ సింగిల్స్ టైటిల్ కొట్టాడు, 2007 ఫైనల్లో ఓడించింది జాన్ ఇస్నర్‌ని. 2010 ఆసియా క్రీడల్లో సింగిల్స్ స్వర్ణం గెలిచాడు, డబుల్స్ స్వర్ణం గెలిచింది వర్జీనియాలోనే ఆడిన సనమ్ సింగ్‌తో కలిసి. మన సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీలో ఆడి వచ్చి డేవిస్ కప్ ఆడాడు. ఈమధ్య చూస్తే అమెరికా ఆటగాడు బెన్ షెల్టన్ 2022లో ఫ్లోరిడా యూనివర్సిటీ నుంచి ఎన్‌సీఏఏ సింగిల్స్ గెలిచి నేరుగా ప్రొఫెషనల్ టెన్నిస్‌లోకి వెళ్లాడు. పద్దెనిమిదేళ్లకే చదువో ఆటో తేల్చుకోమని పిల్లల్ని నిలదీసే పరిస్థితి మన దగ్గర ఉంది, అక్కడ నాలుగేళ్లు రెండూ కలిపి నడుస్తాయి, కోచింగూ, ఫిజియోనూ, జిమ్మూ అన్నీ కాలేజీయే చూసుకుంటుంది, ప్రొఫెషనల్‌గా నిలబడలేకపోయినా చేతిలో డిగ్రీ ఉంటుంది. పోటీ మాత్రం మామూలుగా లేదు. డివిజన్ 1 మగపిల్లల టీముల్లో సగానికి పైగా అమెరికా బయటినుంచి వచ్చినవాళ్లే, యూరప్, దక్షిణ అమెరికా పిల్లలు మనకంటే చాలా ముందునుంచే ఈ పనిలో ఉన్నారు. దానికి తోడు కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరిచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక, ఒక కాలేజీలో రెండు మూడేళ్లు ఆడి రాటుదేలిన ఇరవై ఏళ్లవాళ్లు అదే సీటుకి పోటీ పడుతున్నారు.

చివరగా ఒక హెచ్చరిక, ఇది తప్పకుండా అచ్చెయ్యండి. షోకేస్ దగ్గరే ఒకాయన మమ్మల్ని కలిశారు, ప్లేస్‌మెంట్ చేయిస్తానన్నారు. ముందు ఏమీ ఇవ్వక్కర్లేదు, స్కాలర్‌షిప్ వచ్చాక అందులో ఇంత శాతం ఇస్తే చాలు అన్నారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది, పని అయితేనే డబ్బు కదా అనిపిస్తుంది. కానీ ఎన్‌సీఏఏ రూల్స్ ప్రకారం, పిల్లవాడికి స్కాలర్‌షిప్ ఇప్పించినందుకు ఫీజు అన్న పద్ధతి పెట్టుకుంటే ఆ మనిషిని ఏజెంటుగా లెక్కగడతారు, పిల్లవాడి ఆడే అర్హతే ప్రమాదంలో పడుతుంది. సమాచారం అందించడానికి, మెయిళ్లు పంపించడంలో సాయానికి ముందే నిర్ణయించిన ఫీజు తీసుకునే సర్వీసులు ఉన్నాయి, అది వేరు. శాతం మాట వచ్చిందంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి. నేనాయన్ని ఈ రూల్ గురించి అడిగితే అవన్నీ కాగితాల మీదేనండీ అన్నారు. కాగితాల మీదున్నదానికే కదా రేపు మా పిల్లవాడు సంతకం పెట్టాల్సింది! ఎలిజిబిలిటీ సెంటర్ అడిగే ప్రశ్నలకి జవాబిచ్చి, నిజమే చెప్తున్నానని ఒప్పుకోవాల్సింది వాడే, ఆయన కాదు.

షోకేస్ నిర్వాహకులకి కూడా మీ పేపర్ ద్వారా ఒక మాట. మా దగ్గర ఫీజు కట్టించుకున్నప్పుడు బ్రోచర్‌లో ఉన్న కాలేజీ లోగోలు వేరు, వచ్చిన కోచ్‌లు వేరు. పెద్ద పెద్ద యూనివర్సిటీల గుర్తులు చూసి కొన్ని కుటుంబాలు రైళ్లలో రాత్రంతా ప్రయాణం చేసి వచ్చాయి, ఆ కాలేజీలవాళ్లు చాలామంది రానేలేదు. అడిగితే, ఇదివరకటి షోకేస్‌లకి వచ్చిన కాలేజీలవండీ అవి అన్నారు. వస్తామని ఖాయం చేసిన కోచ్‌ల జాబితా, వాళ్లు ఏ డివిజన్, ఏ సంవత్సరం బ్యాచ్ కోసం చూస్తున్నారు, ఎంత యూటీఆర్ ఉన్నవాళ్లు కావాలి, మగపిల్లల టీమా ఆడపిల్లల టీమా, ఇవి ఫీజు కట్టకముందే తల్లిదండ్రులకి ఇవ్వాలి. కోచ్‌లు రాకపోతే డబ్బు వెనక్కివ్వాలి. మీకు షోకేస్ ప్రకటనలు వచ్చినప్పుడు మీ విలేకరులు ఈ జాబితా అడిగి తీసుకుని, వార్తతో పాటే దాన్నీ అచ్చేస్తే చాలా కుటుంబాలకి మేలు చేసినవాళ్లవుతారు.

ఇట్లు,
జూనియర్ టెన్నిస్ ఆడే ఒక అబ్బాయి తల్లి